బడి సిలబస్, పరీక్షల సంస్కరణ: నెల్లూరు, ప్రకాశం జిల్లాల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలు, నెల్లూరు మధ్య ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఏళ్లకు పైగా గణితం చెప్పిన నాకు తల్లిదండ్రుల సమావేశాల్లో, స్టాఫ్ రూముల్లో, బస్టాండుల్లో మళ్లీ మళ్లీ ఎదురైన ప్రశ్నలివి. అప్పటికప్పుడు నిలబడి చెప్పిన జవాబులు చాలాసార్లు నాకే తృప్తినివ్వలేదు. అందుకే తీరిగ్గా ఆలోచించి రాస్తున్నాను.

పాఠ్యప్రణాళిక, సిలబస్, పాఠ్యపుస్తకం అంటే మూడూ ఒకటేనా?

కాదు. పిల్లలు ఏ వయసుకు ఏమి చేయగలగాలి, దాన్ని ఎలా నేర్పాలి, నేర్చుకున్నారో లేదో ఎలా తెలుసుకోవాలి అనే మొత్తం ఆలోచనే పాఠ్యప్రణాళిక. అందులోని అంశాలను తరగతుల వారీగా పంచితే అది సిలబస్ అవుతుంది. ఆ సిలబస్‌ను పిల్లల చేతికి అందించే సాధనాల్లో పాఠ్యపుస్తకం ఒకటి మాత్రమే. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. పరీక్షలో ఏది వస్తుందో అదే పుస్తకంలో ముఖ్యమైన పాఠంగా మిగులుతుంది, ఆ ముఖ్యమైన పాఠాలే సిలబస్‌గా చలామణీ అవుతాయి, పాఠ్యప్రణాళిక పత్రం మాత్రం శిక్షణ తరగతుల్లో ఒకసారి కనిపించి మాయమవుతుంది. అందువల్ల పుస్తకాలు ఎన్నిసార్లు మార్చినా, ప్రశ్నపత్రం మారనంత కాలం తరగతి గదిలో పెద్దగా మారేది ఉండదు. ఈ పేజీలో ఇకముందు చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

సిలబస్, పరీక్షల పద్ధతి ఇన్నిసార్లు ఎందుకు మారాయి?

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ఆచార్య యశ్‌పాల్ నాయకత్వంలో తయారైంది. బట్టీని వదిలించాలని, చదువును బడి బయటి జీవితంతో కలపాలని, పరీక్షలను సరళం చేయాలని అది కోరింది. దాన్ని అనుసరించి ఉమ్మడి రాష్ట్రంలో 2011లో రాష్ట్ర పాఠ్యప్రణాళికా చట్రం వచ్చింది. 2012 నుంచి విడతలుగా కొత్త పుస్తకాలు వచ్చి 2014 నాటికి పదో తరగతికి చేరాయి. ఆ పుస్తకాలు మంచివని నా అభిప్రాయం, ఎందుకంటే ప్రతి పాఠం చివరా పిల్లలను ఆలోచింపజేసే ప్రశ్నలుండేవి. అయితే ఆ ప్రశ్నలకు కూడా జవాబులు అచ్చువేసిన గైడ్లు అదే ఏడాది అంగట్లోకి వచ్చేశాయి.

తరువాత పదో తరగతిలో బడిలోనే వేసే 20 అంతర్గత మార్కులు వచ్చాయి, 2019 పరీక్షల తరువాత పోయాయి. పదకొండు పేపర్లు ఆరేడుకు తగ్గాయి. జాతీయ స్థాయి సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన పుస్తకాలు ఎనిమిదో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున పైకి వచ్చాయి. వెయ్యి ప్రభుత్వ పాఠశాలలకు కేంద్ర బోర్డు అయిన సీబీఎస్‌ఈ అనుబంధం తీసుకొని, 2024లో అక్కడి పదో తరగతి పిల్లలను మళ్లీ రాష్ట్ర బోర్డు పరీక్షకే మళ్లించారు. ఆ బడుల్లో 2022లో ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్ల రెండేళ్లు ఒక పరీక్షకు సిద్ధపడి, మూడో ఏడు ఇంకో పరీక్ష రాసింది. ఏ నిర్ణయం సరైనదన్న వాదన ఎలా ఉన్నా, ఒక తరం పిల్లలు ఒక పద్ధతిలో మొదలుపెట్టి అదే పద్ధతిలో ముగించే అవకాశం ఇవ్వకుండా చేసిన ఏ సంస్కరణ ఫలితాన్నీ ఎవరూ కొలవలేరు. నా దృష్టిలో మనకు జరిగిన పెద్ద నష్టం ఇదే. ప్రభుత్వాలు మారినా, ఆరో తరగతిలో చేరిన పిల్లలు పదో తరగతి దాటే వరకు పరీక్ష స్వరూపాన్ని మార్చబోమని శాసనసభలో ఒక మాట ఇస్తే, అది ఏ కొత్త పుస్తకం కంటే కూడా ఎక్కువ మేలు చేస్తుంది.

ప్రామాణిక పరీక్ష అంటే ఏమిటి? పబ్లిక్ పరీక్ష కూడా అదేనా?

ఒకే రకమైన ప్రశ్నలను ఒకే నియమాల కింద అందరికీ ఇచ్చి, ఒకే పద్ధతిలో దిద్దే పరీక్షను ప్రామాణిక పరీక్ష అంటారు. ఆ లెక్కన పబ్లిక్ కూడా ప్రామాణిక పరీక్షే. అయితే పరీక్షలు చేయవలసిన పనులు మూడున్నాయి. ఉపాధ్యాయుడికి రేపటి పాఠం ఎలా చెప్పాలో తెలపడం మొదటిది. పై చదువుకు, ఉద్యోగానికి పనికొచ్చే ధ్రువపత్రం ఇవ్వడం రెండోది. జిల్లాలో, రాష్ట్రంలో చదువు ఎలా ఉందో ప్రభుత్వానికి చెప్పడం మూడోది.

మూడో పనికి ప్రతి పిల్లవాడినీ పరీక్షించనక్కర్లేదు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి నాలుగు మెతుకులు పట్టుకున్నట్టుగా, శాస్త్రీయంగా ఎంచుకున్న నమూనా సరిపోతుంది. 2017లోనూ 2021లోనూ జరిగిన జాతీయ సాధన సర్వే, 2024 డిసెంబరు 4న 3, 6, 9 తరగతులకు జాతీయ మూల్యాంకన సంస్థ పరఖ్ జరిపిన సర్వే ఆ కోవలోవే. 2005 నుంచి గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూస్తున్న అసర్ సర్వే కూడా నమూనా మీదే నడుస్తుంది. వీటి వల్ల మీ అబ్బాయికి మార్కులు రావు, రాకూడదు కూడా. సర్వే ఫలితంతో ఏ బడికీ పేరు రావడమో పరువు పోవడమో ఉండదు కాబట్టే అందులో నిజం బయటపడుతుంది. దాన్ని బడికి ర్యాంకులిచ్చే సాధనంగా మార్చిన రోజున, సర్వేకు ముందు నెల రోజులు ప్రాక్టీసు పేపర్లు మొదలవుతాయి, ఇక ఆ కొలత పనికిరాదు.

పదో తరగతి ఉత్తీర్ణతా శాతం పెరిగితే చదువు మెరుగైనట్టే కదా?

మన రాష్ట్ర అంకెలనే చూడండి. 2019లో 94.88 శాతం. 2020, 2021లలో కరోనా వల్ల పరీక్షలే లేవు. 2022లో 67.26, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14 శాతం. మూడేళ్లలో పిల్లల తెలివి ఇంతగా పడిపోయి, మరో రెండేళ్లలో ఇంతగా లేచిందని ఎవరూ నమ్మలేరు. 2019లో అంతర్గత మార్కులున్నాయి, 2022లో లేవు. పేపర్ల సంఖ్య, ప్రశ్నల తీరు మారాయి. మధ్యలో రెండేళ్లు బడులు సరిగా నడవలేదు. ఇవన్నీ కలిసిన అంకె నుంచి చదువు వాటా ఎంతో విడదీయడం సాధ్యం కాదు.

ఒక ఏడాది పరీక్షను మరో ఏడాది పరీక్షతో పోల్చాలంటే, రెండింటిలోనూ కొన్ని ప్రశ్నలు ఉమ్మడిగా, రహస్యంగా ఉండాలి. ఆ ఉమ్మడి ప్రశ్నల ఆధారంగా ఏ పేపరు ఎంత కష్టమో లెక్కగట్టి మార్కులను సరిచేస్తారు. తక్కెడ మారినా తూకపురాయి మారకూడదన్నమాట. ప్రశ్నపత్రం మొత్తం బయటికొచ్చి మర్నాడే గైడ్లలో చేరిపోయే మన పబ్లిక్ పరీక్షకు ఆ ఏర్పాటు లేదు. అందుకే ఒక జిల్లా పోయినేటి స్థానం నుంచి నాలుగు మెట్లు కిందికి జారిందని ప్రధానోపాధ్యాయులను మందలించడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ మందలింపు తరువాత జరిగేది మనందరికీ తెలుసు. జనవరి వచ్చిందంటే తొమ్మిదో తరగతి వరకూ ఉన్న పిల్లల పాఠాలు పక్కకు పోతాయి, మంచి ఉపాధ్యాయులందరూ పదో తరగతి స్టడీ అవర్లకు చేరతారు, తప్పే అవకాశమున్న పిల్లలకు ముప్పై అయిదు మార్కులు తెచ్చే నాలుగు పాఠాలే రోజూ రాయిస్తారు. నేను కూడా రాయించాను. ఆ పిల్లలు పాసయ్యారు. ఇంటర్మీడియట్‌లో మొదటి ఏడాదే చదువు మానేసిన వాళ్లు వాళ్లలో ఎక్కువ మంది.

అయితే పరీక్షలు తీసేయమంటారా?

తీసేయమనను. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినప్పుడు ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు ఎవరినీ అదే తరగతిలో ఆపకూడదని, బోర్డు పరీక్ష పెట్టకూడదని చెప్పింది. అదే చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే ఏడాది పొడవునా పిల్లల ఎదుగుదలను అన్ని వైపుల నుంచీ గమనిస్తూ ఉండటం, చేయమని కూడా చెప్పింది. మనం మొదటి మాటను పాటించి, రెండో మాటను రిజిస్టర్లు నింపడంగా మార్చేశాం. తరువాత 2019 సవరణతో 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపే అధికారం రాష్ట్రాలకు వచ్చింది. ఆపితే ఆ పిల్లవాడికి మరుసటి ఏడాది అదే పాఠం, అదే పద్ధతిలో, అదే గదిలో మళ్లీ వినిపిస్తాం. మొదటిసారి ఎందుకు అర్థం కాలేదో తెలియకపోతే రెండోసారి మాత్రం ఎందుకు అర్థమవుతుంది? ఆపడమా, పంపడమా అన్నది అసలు ప్రశ్న కాదు. మూడో తరగతిలోనే తీసివేత రాలేదని గుర్తించి ఆ నెలలోనే సరిచేసే పరీక్ష కావాలి.

ఓఎంఆర్ షీట్లతో పెట్టే బిట్ల పరీక్షలు మంచివేనా?

ప్రశ్న రాసినవాడి శ్రద్ధను బట్టి ఉంటుంది. నాలుగేసి జవాబులున్న 20 ప్రశ్నలకు కళ్లు మూసుకొని గీతలు పెట్టినా సగటున 5 మార్కులు వస్తాయి. కాబట్టి 5 వచ్చిన పిల్లవాడికి ఏమీ రాదనీ చెప్పలేం, పావు వంతు వచ్చనీ చెప్పలేం. 12 వచ్చినవాడికీ 13 వచ్చినవాడికీ మధ్య తేడా ఉందనడం కూడా పొరపాటే, మర్నాడు ఇదే పరీక్ష పెడితే వాళ్ల స్థానాలు తారుమారు కావచ్చు.

కానీ శ్రద్ధగా రాసిన బిట్టు ఒక్కటి పేజీడు జవాబు కంటే ఎక్కువ చెబుతుంది. 52 నుంచి 27 తీసేస్తే ఎంత అని అడిగి, జవాబుల్లో 25తో పాటు 35 కూడా పెట్టండి. 35 పెట్టిన పిల్లకు తీసివేత రాదని కాదు, ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలో నుంచి చిన్న అంకెను తీసేయాలని అనుకుంటోంది, అప్పు తెచ్చుకోవడం రాదు. 0.5కు 0.25 కలిపితే 0.30 అన్నవాడు బిందువు తరువాతి అంకెలను మామూలు సంఖ్యల్లా 5, 25 అని చదువుతున్నాడు. ఈ రెండు తప్పులకు మందు వేరు వేరు. ఉపాధ్యాయుడికి తెలియవలసింది ఎవరు ఏ తప్పు జవాబు ఎంచుకున్నారన్నది. మనకు పైనుంచి తిరిగొచ్చేది మాత్రం ఎక్కువగా మొత్తం మార్కు, ఒక గ్రేడు. అది కూడా ఆ పాఠం దాటిపోయి నెలలు గడిచాక వస్తే దాన్ని ఫైలులో పెట్టడం తప్ప చేసేదేమీ ఉండదు.

ఇలాంటి ప్రశ్నలను తయారుచేయడం ఒక విద్య. నెల్లూరు జిల్లాకు పల్లెపాడులోనూ, ప్రకాశానికి మైనంపాడులోనూ ఉన్న డైట్లు, అంటే ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, ఆ విద్యకు కేంద్రాలు కావాలని నా కోరిక. పల్లెపాడులోనే 1921 ఏప్రిల్‌లో గాంధీజీ పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. చేతి పనితో కలిసిన చదువును తరువాతి కాలంలో ఆయన ఎంతగా కోరారో తలుచుకుంటే, అక్కడి నుంచి మంచి ప్రశ్నల నిధి ఒకటి జిల్లా బడులన్నింటికీ వెళ్లడం ఎంతో సముచితంగా ఉంటుంది.

ఫలితాల నివేదికలు ఉపాధ్యాయులకు వెంటనే అందితే సమస్య తీరుతుందా?

అందడం అవసరం, అయితే అదొక్కటే చాలదు. దీనికి మన రాష్ట్రంలోనే మంచి ఆధారం ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికశాస్త్ర పరిశోధకులు 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కొన్నేళ్ల పాటు ప్రయోగాలు నడిపారు. కొన్ని బడులకు పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో వివరించే నివేదికలు ఇచ్చారు. పరిశీలకులు వచ్చిన రోజున ఆ బడుల్లో ఉపాధ్యాయులు మరింత చురుగ్గా పాఠం చెప్పారు. కానీ ఏడాది చివర పిల్లల మార్కుల్లో, నివేదికలు అందని బడులతో పోలిస్తే తేడా కనిపించలేదు.

నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. తొమ్మిది మంది అక్షరాల దగ్గరా, పన్నెండు మంది పదాల దగ్గరా, ఎనిమిది మంది మాత్రమే కథ చదవగలిగే స్థాయిలో ఉన్నారని నివేదిక చెప్పిందనుకోండి. గడియారం చూసుకుంటూ అయిదో తరగతి పాఠం పూర్తి చేయవలసిన ఒంటరి ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయురాలు) ఆ సమాచారంతో ఏం చేయాలి? రోజులో గంటసేపు తరగతి గోడలు పక్కనపెట్టి, పిల్లలను స్థాయిని బట్టి గుంపులు చేసి నేర్పే స్వేచ్ఛ ఆమెకు ఉండాలి. ఆ గంటలో సిలబస్ పూర్తి కాలేదని ఏ తనిఖీ అధికారీ నిలదీయకూడదు. సమయం, అనుమతి, సాటి ఉపాధ్యాయురాలి తోడు లేకుండా నివేదిక ఇస్తే, రోగం పేరు చెప్పి మందు రాయకుండా పంపినట్టే.

మార్కులను బట్టి ఉపాధ్యాయులకు బోనస్ ఇస్తే?

పైన చెప్పిన పరిశోధకులే అది కూడా పరీక్షించారు. పిల్లల మార్కుల్లో సగటు మెరుగుదలను బట్టి బోనస్ ఇచ్చిన బడుల్లో రెండేళ్లకు గణితంలోనూ భాషలోనూ గణనీయమైన లాభం కనిపించింది, బోనస్‌తో సంబంధం లేని విజ్ఞాన, సాంఘిక శాస్త్రాల్లో కూడా ఆ పిల్లలే ముందున్నారు. దాన్ని కాదనలేను. అయితే అక్కడ పరీక్ష పెట్టింది బయటివాళ్లు, ప్రశ్నలు జాగ్రత్తగా తయారైనవి, కొలిచింది ఉత్తీర్ణతా శాతాన్ని కాదు, ప్రతి పిల్లవాడి ఎదుగుదలను. ఆ మూడూ లేకుండా పదో తరగతి శాతానికి బోనస్ కడితే బలహీనమైన పిల్లల పేర్లు మార్చిలోగా హాజరుపట్టీ నుంచి మాయమవుతాయేమోనని నా భయం.

సిలబస్ తగ్గించాలా?

తగ్గించాలి. 1993లో యశ్‌పాల్ కమిటీ పిల్లల సంచీ బరువు కంటే అర్థం కాకపోవడమనే బరువు ప్రమాదకరమని చెప్పింది. అధ్యాయాలను మధ్యలో నరికేస్తే మాత్రం ఆ బరువు పెరుగుతుంది, ఎందుకంటే తరువాతి పాఠానికి ఆధారమైనది పోతుంది. తక్కువ భావనలను ఎక్కువ లోతుగా చెప్పే విధంగా మొత్తాన్ని తిరిగి అల్లాలి.

స్థానిక విషయాలు పాఠాల్లో చేర్చితే మా పిల్లలు పోటీ పరీక్షల్లో వెనకబడరా?

ఈ ప్రశ్న వెనక ఉన్న ఆందోళన నాకు తెలుసు, అందుకే దీనికి కొంచెం వివరంగా జవాబు చెబుతాను. స్థానిక విషయం అంటే తిక్కన మన నెల్లూరువాడని, ఒంగోలు గిత్త ప్రపంచ ప్రసిద్ధమని రెండు వాక్యాలు చేర్చడం కాదు. అదే భావనను పిల్లవాడు రోజూ చూసే వస్తువు మీద పని చేయించడం.

చీమకుర్తిలో గ్రానైట్ దిమ్మె 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు ఎత్తు ఉంటే దాని ఘనపరిమాణం 9 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు సుమారు 3 టన్నులైతే దిమ్మె 27 టన్నులు, ఆ బరువు మోయడానికి ఎలాంటి లారీ కావాలి? సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు, ఒక టీఎంసీ 2.83 కోట్ల ఘనపు మీటర్లు. పది ఘాతాల పాఠానికి ఇంతకంటే మంచి లెక్క ఉందా? ఇందుకూరుపేట రొయ్యల చెరువులో కిలో రొయ్యకు 1.4 కిలోల మేత పడుతుందనుకుంటే 2,500 కిలోలు తీయడానికి ఎంత మేత కొనాలో అనుపాతం తెలిసిన ఏడో తరగతి పిల్ల చెప్పగలదు. కనిగిరి ప్రాంతపు బోరు నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉంటే ఎముకలకు ఏమవుతుందో రసాయన శాస్త్రమే చెబుతుంది. ఈ లెక్కలు చేసిన పిల్లలు పోటీ పరీక్షలో కొత్త సందర్భం ఎదురైతే బెదరరు. బెదిరేది మాదిరి లెక్కలు మాత్రమే చేసినవాళ్లు.

జీవితంతో కలిసిన పాఠానికి ఎంత శక్తి ఉందో మన జిల్లాయే చూపింది. 1990లో నెల్లూరు జిల్లాలో మొదలైన అక్షరదీపం కార్యక్రమంలో వయోజనుల వాచకంలో ఒక ఊరి ఆడవాళ్లు సారా అంగడిని మూయించిన పాఠం ఉండేది. రాత్రిబడిలో ఆ పాఠం విన్న కలిగిరి మండలం దూబగుంట మహిళలు తమ ఊళ్లోనూ అదే పని చేశారు. దూబగుంట రోశమ్మ పేరుతో ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. ఆ అమ్మలకు ఆ పాఠం మీద ఎవరూ బిట్ పేపరు పెట్టలేదు. చదివిన మాట వాళ్ల బతుకులోని మాట కావడమే దానికి బలం.

ఇంగ్లిష్ మీడియంలో రాసే పరీక్ష పిల్లవాడి లెక్కల్ని కొలుస్తుందా, ఇంగ్లిష్‌ను కొలుస్తుందా?

చాలామంది విషయంలో రెండోదాన్నే కొలుస్తుంది. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పుస్తకాలు మన రాష్ట్రం చేసిన మంచి పనుల్లో ఒకటి. ప్రశ్నపత్రం కూడా ఎనిమిదో తరగతి వరకు అలాగే రెండు భాషల్లో ఉండి, ఏ భాషలో జవాబు రాసినా దిద్దాలి. ఇంగ్లిష్ ఎంత వచ్చో వేరుగా ఇంగ్లిష్ పరీక్ష చెబుతుంది.

వలస వెళ్లే కుటుంబాల పిల్లల సంగతేమిటి?

కనిగిరి, పామూరు వైపు నుంచి పనుల కోసం హైదరాబాదుకు, బెంగళూరుకు వెళ్లే కుటుంబాలున్నాయి. తీరం వెంట, చెరువుల దగ్గర కాపలా పనికి కుటుంబంతో కదిలే యానాదుల పిల్లలున్నారు. ఏడాదికి రెండుసార్లు నిర్ణీత తేదీల్లో జరిగే పరీక్షలకు వీళ్లు ఉండరు, ఉన్నా మధ్యలో పోయిన పాఠాలు ఎవరూ తిరిగి చెప్పరు. తిరిగొచ్చిన రోజున అరగంట కూర్చోబెట్టి ఎక్కడ ఆగాడో తెలుసుకొని అక్కడి నుంచి మొదలుపెట్టే చిన్న పరీక్ష వీళ్లకు అన్నిటికంటే ముఖ్యం. ఆ పరీక్షకు మార్కులుండకూడదు. తిరిగొచ్చిన పిల్లవాడిని మొదటి రోజే సున్నాతో పలకరిస్తే రెండో రోజు బడికి రాడు.

తల్లిదండ్రులుగా మేం చేయగలిగిందేమైనా ఉందా?

ఉంది. ఇంట్లో మొదలుపెట్టండి. నాలుగో తరగతి చదివే పిల్ల చేత రెండో తరగతి వాచకంలోని కథ ఒకటి గట్టిగా చదివించండి. రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క ఒక్కొక్కటి చేయించండి. అసర్ సర్వే చేసేది దాదాపు ఇదే, దీనికి మీకు పెద్ద చదువు అక్కర్లేదు. కథను తడుముకోకుండా చదివితే, అందులో ఏం జరిగిందో తన మాటల్లో చెప్పమనండి.

తరువాత బడికి వెళ్లినప్పుడు ఎన్ని మార్కులొచ్చాయని కాకుండా, మా పిల్ల ఏ తప్పులు చేస్తోంది, వచ్చే నెలలో వాటికి మీరేం చేయబోతున్నారు, మేం ఇంట్లో ఏం చేయాలి అని అడగండి. మంచి ఉపాధ్యాయులు ఈ ప్రశ్న కోసం ఎదురుచూస్తుంటారు. ఇరవై ఏళ్లలో నన్ను ఇలా అడిగిన తల్లులు చాలా తక్కువ మంది, వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలై ఉండాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారుచేసేది ఆ కమిటీయే. మరుగుదొడ్లు, ప్రహరీగోడలతో పాటు ఆ ప్రణాళికలో రోజుకు ఒక గంట స్థాయిని బట్టి బోధన అనే అంశాన్ని కూడా చేర్చమని కోరండి. కమిటీ ఒప్పుకుంటే తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయించి, నకలు ఒకటి మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి.